పదో పాటకి వచ్చిన గొంతు

రోజూ పొద్దున స్టూడియోకి వెళ్తూ వెర్లీన్ దారిలో ఓరెథా గెయిన్స్ ఇంటి దగ్గర ఆగేది. ముందురోజు తను పాడి రికార్డు చేసిన పాట టేపు వినిపించేది. ఓరెథా కళ్ళు మూసుకుని విని, పెన్సిలు తీసుకుని, "రెండో చరణంలో తొందరపడ్డావు. నిన్నెవరూ తరమట్లేదుగా?" అని కాగితం మీద రాసేది. మాట్లాడటానికి ఆమెకి గొంతు లేదు.

ఆ గొంతు ఎక్కడుందో మెంఫిస్‌లో మన నల్లవాళ్ళ పేటల వాళ్ళందరికీ తెలుసు. ఓరెథా పాటలు ప్రతి ఇంట్లోనూ మోగుతున్న రోజుల్లో చెల్లెలు ఐడెల్లా చనిపోయింది. అంత్యక్రియలు శనివారం. అదే రోజు షికాగోలో ఓరెథాకి పెద్ద కచేరీ. "ఆదివారం వచ్చేస్తాను" అని కబురు పంపి ఓరెథా అక్కడే ఉండిపోయింది. స్టేజి ఎక్కి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. సరిగ్గా అదే వేళకి ఇక్కడ షైలో చర్చిలో, ఐడెల్లా శవపెట్టె పక్కన, మనిషి లేకుండా ఓరెథా గొంతు పాడింది. ఆ తర్వాత అది ఆమె దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. ఎవరి అంత్యక్రియలు జరిగినా వచ్చేది. ముందు వరసలో దానికో కుర్చీ వదిలేవాళ్ళు, కుర్చీలో ఒక అట్ట విసనకర్ర పెట్టేవాళ్ళు. పాట అయ్యాక చూస్తే విసనకర్ర చెమ్మగా ఉండేది. ఓరెథా మాత్రం ఆ తర్వాత ఎవరి అంత్యక్రియలకీ వెళ్ళలేదు.

ఓరెథా పాటలు పది ఎంచి, తనే పాడి, ఆమె బతికుండగానే ఆమె పేరు మీద ఒక రికార్డు తేవాలని వెర్లీన్ పట్టుబట్టింది. తొమ్మిది పాటలయ్యాయి. పదోది ఓరెథా ఎప్పుడూ రికార్డు చెయ్యనిది, ఆ గొంతు చర్చిలో పాడేది.

"అది వద్దు" అని రాసింది ఓరెథా.

"అదే కావాలి, మిస్ ఓరెథా. అది లేకపోతే మీ గురించి సగమే చెప్పినట్టు."

ఓరెథా చివరికి, "ఊపిరి చూసుకో" అని మాత్రం రాసింది.

ఆ గురువారం మధ్యాహ్నం స్టూడియోకి ఫోనొచ్చింది. వెర్లీన్ అక్క లూవీనియా, ఆసుపత్రి నుంచి.

"నాన్న నిన్నే అడుగుతున్నాడే. డాక్టరు పెదవి విరిచేశాడు. వచ్చెయ్."

"ఒక్క గంటక్కా. వాయించేవాళ్ళంతా రేపు ఊళ్ళు వెళ్ళిపోతున్నారు. ఈ ఒక్క పాట..."

"గంటలు ఆయన చేతిలో ఉన్నాయా, నీ చేతిలో ఉన్నాయా?" అని లూవీనియా ఫోను పెట్టేసింది.

వెర్లీన్ మైకు ముందు నిలబడింది. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ తప్పింది. మూడోసారి హామండ్ ఆర్గను మొదలవగానే ఆమె చెవి పక్కన ఎవరో ఊపిరి పీల్చారు. అద్దం అవతల టేపు నడిపే క్లియోటిస్ తలెత్తాడు.

"వెర్లీనూ, అది నువ్వేనా?"

ఆమె పెదాలు బిగించుకునే, కాదన్నట్టు తలాడించింది. శబ్దం కొలిచే మీటరు మీద ముల్లు మాత్రం లేచి పడుతోంది.

గొంతు పాడటం మొదలుపెట్టింది. నేల అడుగు నుంచి వచ్చినట్టు, సన్నగా, చల్లగా. డ్రమ్ములు వాయించే అతను టోపీ తీసేశాడు. పోయినవాళ్ళ కోసం తప్ప అది ఎక్కడికీ రాదు. నాన్న పోయాడా అనుకుంది వెర్లీన్. పరుగెత్తి వెళ్ళి ఆసుపత్రికి ఫోను చేసింది.

"ఉన్నాడు. కళ్ళు తలుపు మీదే పెట్టుకునున్నాడు" అంది లూవీనియా.

వెనక్కి తిరిగేసరికి గొంతు మొదటి చరణం ముగించి రెండోదానిలోకి వెళ్ళింది. ఎక్కడా తొందర లేదు. వెర్లీన్ పాడాల్సిన చోట వెర్లీన్ పాడాల్సినట్టే పాడుతోంది. అది నాన్న కోసం కాదు, తనని ఆయన దగ్గరికి పంపడానికే వచ్చిందని అప్పుడు ఆమెకి అర్థమైంది.

"టేపు తిరుగుతూనే ఉంది. ఇక్కడ నీతో పనేం లేదమ్మా, వెళ్ళు" అన్నాడు క్లియోటిస్, ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆసుపత్రికి వెళ్ళేసరికి తండ్రి ఏమస్ ఇంకా ఉన్నాడు. ఇటుకలు పేర్చి బతికినవాడు. పక్షవాతంతో నోరు ఒక పక్కకి పోయింది. కూతుర్ని చూసి, రెండో పక్కతో నవ్వాడు.

"పా... పాడు."

పదిమంది మెచ్చిన పాటలేవీ ఆమెకి గుర్తు రాలేదు. గోడ కడుతూ ఆయన కూనిరాగం తీసే నాలుగు ముక్కలే పాడింది. సున్నానికి పగిలిన ఆ చెయ్యి ఆమె చేతిలో తాళం వేసింది. నాలుగింటికి తాళం ఆగింది.

శనివారం షైలో చర్చిలో కుర్చీ వేశారు, విసనకర్ర పెట్టారు. పాస్టరు ఆగాడు. అందరూ ఎదురుచూశారు. ఏమీ వినపడలేదు.

"దానికేమైందమ్మా?" అని వెనక వరసలో ఒక ముసలామె గుసగుసలాడింది.

లూవీనియా విసనకర్ర ముట్టుకుని చూసింది. పొడిగా ఉంది. అప్పుడు వెర్లీన్ లేచి, తండ్రిని తనే పాడి సాగనంపింది.

సోమవారం పొద్దున ఆమె ఓరెథా ఇంటికి వెళ్ళింది. మెట్ల మీదే ఆగిపోయింది. లోపల ఎవరో ఫోనులో కిరాణా కొట్టువాడిని కడిగేస్తున్నారు.

"నేను అడిగింది గుమ్మడికాయా, చిలగడదుంపా? ఇన్నేళ్ళూ చీటీలో రాసి పంపితే నీ ఇష్టమొచ్చింది ఇచ్చావు! ఇక చెల్లదురా అబ్బాయ్."

తలుపు తెరుచుకుంది. ఓరెథా నల్ల గౌను వేసుకుని, టోపీకి పిన్ను పెట్టుకుంటోంది.

"గురువారం సాయంత్రం వచ్చింది" అంది. మాట బొంగురుగా ఉంది, వాడకం మరిచిన తలుపులా. "తుమ్మాను. అంతే, లోపలుంది."

"మరి శనివారం..."

"ఆ చర్చి గుమ్మం దాకా వచ్చానే. లోపలికి రావడానికి ముఖం చెల్లలేదు. నువ్వు పాడటం మెట్ల మీద నిలబడి విన్నాను." ఓరెథా ఆమె చెక్కిలి తుడిచింది. "ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నీకిక నేను చెప్పక్కర్లేదు."

తర్వాత తలుపుకి తాళం వేసి, వెర్లీన్ మోచెయ్యి పట్టుకుంది.

"కారు తియ్యి, బంగారం. ముందు ఐడెల్లా సమాధి దగ్గరికి. నన్ను చూసి అది తిడుతుందో ఏమో, తిట్టనీ. దానికో పాట పాడాలి."