ముసురు విడిచిన రోజు

దూది ఏకే విల్లు మీద కొయ్యగుండుతో ఒక దెబ్బ వేసి, ఎగిరిన దూది మళ్ళీ కిందపడేలోపు బుడాన్ ఒక వాక్యం చెప్పాలి. పొద్దున ఏడింటి నుంచీ వసారాలో అదే వరస.

"రాయి. పుల్లమ్మ బస్టాండులో నిలబడింది. సంచి కింద పెట్టలేదు."

నారి ధన్‌మని మోగింది. తెల్లటి పొగలా దూది లేచింది.

"పెట్టలేదు. తర్వాత?" అంది కూతురు నసీమున్నీసా. గుమ్మంలో పీట వేసుకుని, మోకాళ్ళ మీద అట్ట, అట్ట మీద కాగితం పెట్టుకుని, దూది ముక్కులోకి పోకుండా ఓణీ కొంగు మూతికి కట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటిలో నవ్వుందో విసుగుందో తెలియడం లేదు.

"కింద పెడితే వెనక్కి వెళ్ళాలనిపిస్తుందని భయం."

"భయం అన్న మాట ఇందాకే వాడావు నాన్నా."

"అయితే దిగులు అని రాయి."

"దిగులు వేరు, భయం వేరు."

బుడాన్ గుండు గాలిలో ఆపి ఆలోచించాడు. "నిజమే. భయమే ఉంచు," అని మళ్ళీ కొట్టాడు.

వినుకొండలో అతన్ని అందరూ పరుపుల బుడాన్ అంటారు. నవలలు రాస్తాడని కొందరికి తెలుసు, ఆ కొందరిలో సగం మంది నమ్మరు. ఇప్పటికి మూడు రాశాడు. ఒకటి వారపత్రికలో ఇరవై రెండు వారాలు వచ్చింది. రెండు తిరిగొచ్చాయి. ఇది నాలుగోది. అత్తారిల్లు వదిలిపెట్టి, గుంటూరు మిరపయార్డులో తొడిమలు తీసుకుని బతుకుదామని బయల్దేరిన పుల్లమ్మ కథ. పద్దెనిమిది ప్రకరణాలు అయ్యాయి. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు ఆఖరిది మిగిలింది. పత్రికవాళ్ళ పోటీకి నెలాఖరులోగా చేరాలి. కాగితానికి ఒకవైపే రాయాలి, స్పష్టమైన చేతిరాత ఉండాలి అని నిబంధన పెట్టారు.

స్పష్టమైన చేతిరాత దగ్గరే వచ్చింది చిక్కంతా. పదమూడేళ్ళప్పుడు తండ్రి పోతే బడి మానేసి విల్లు పట్టాడు బుడాన్. ముప్పై అయిదేళ్ళుగా గుండు కొట్టీ కొట్టీ కుడి చేతికి అదే అలవాటైపోయింది. కలం పట్టుకున్నా కొడుతూనే ఉంటుంది. అక్షరాలు కోడి గెలికినట్టు వస్తాయి. మొదటి నవల పంపినప్పుడు 'కథ బాగుందేమో గానీ చదవలేకపోయాం' అని కార్డు వచ్చింది. అప్పుడు నసీమాకి పన్నెండేళ్ళు. గుంటూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటూ దసరా సెలవులకి వచ్చింది. "నువ్వు చెప్పు, నేను రాస్తా," అని కూర్చుంది. అంతే, అప్పటినుంచీ దసరా సెలవులంటే ఆ ఇంట్లో నవల.

వేసవిలో కుదరదు. పెళ్ళిళ్ళ కాలం, విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరుగుతాడు. దసరా రోజుల్లో అయితే ముసురు. చెమ్మ పట్టిన దూది ఏకబడదు, పని ఉండదు. దసరా వాళ్ళ పండగ కాదు గానీ సెలవులు అందరివీ కదా! అలా ఆరేళ్ళు గడిచాయి. ఇంక గడవదు. నసీమాకి గుంటూరులో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది. రేపు పొద్దున ఏడింటికల్లా చేరాలి. రోగాలకి సెలవులుండవు కాబట్టి నర్సులకీ ఉండవు. ఈ సాయంత్రం నాలుగు గంటల బండికి ఆ పిల్ల వెళ్ళిపోతుంది.

పది రోజుల్లో ఆరు రోజులు బాగానే సాగింది. తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టి ఇంట్లోనే కూర్చున్నా ఆఖరి ప్రకరణం కదల్లేదు. సరిగ్గా ఈ రోజే ఎండ కాసింది. ఎండతో పాటు కొండమ్మ పరుపూ వచ్చిపడింది.

కొండమ్మ రైతు ఇల్లాలు, పై వీధిలో ఉంటుంది. పత్తికి తెల్లదోమ పట్టి ఆ ఇంట్లో ఎవరి మొహంలోనూ కళ లేదు, నిన్న కూతురు ప్రసవించే దాకా. తొమ్మిదింటికి గుమ్మంలోకి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏం బుడానూ, ఏకుతున్నావా, కథలు చెప్తున్నావా?"

"రెండూనమ్మా."

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టమాక. పొద్దుగూకే లోపల పిల్లని ఆస్పత్రి నుంచి తెస్తన్నాం. బాలింతని నులకమంచం మీద పడుకోబెట్టమంటావా?"

"రెండింటికల్లా నీ ఇంట్లో ఉంటది పరుపు."

మాట ఇచ్చేశాడు. బాలింత పరుపుకి కాదనకూడదని వాళ్ళ నాన్న చెప్పేవాడు. కాదనే ధైర్యం బుడాన్‌కి ఎప్పుడూ లేదు. కొండమ్మ వెళ్ళాక గుండు గట్టిగా బిగించి పట్టుకుని, "రాయి," అన్నాడు.

భార్య జాన్‌బీ లోపల చారల గుడ్డకి అంచులు కుడుతోంది. మధ్య మధ్య లేచి కూతురి పెట్టెలో ఒక్కొక్కటీ సర్దుతోంది. కందిపొడి సీసా, గోంగూర పచ్చడి, రెండు తెల్లచీరలు. ఆమెకి చదువు రాదు. కానీ నాలుగు నవలల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో బుడాన్ కంటే ఆమెకే బాగా గుర్తు.

"పుల్లమ్మ ఆకాశం వంక చూసింది," చెప్పాడు బుడాన్. "మబ్బు విడిపోయింది."

లోపల కుట్టు ఆగింది.

"నాలుగు రోజుల నుంచీ దాన్ని బస్టాండులో నిలబెట్టావు," అంది జాన్‌బీ. "కాళ్ళు పీకవా దానికి? ఎక్కించరాదూ?"

"ఎక్కాలో లేదో తేలాలి కదే."

"బయల్దేరిందాకా తేలింది గానీ బస్సు కాడికొచ్చాక తేల్లేదా?"

నసీమా కొంగు చాటున నవ్వింది. బుడాన్ మళ్ళీ గుండు ఎత్తాడు. మధ్యాహ్నం దాకా వంచిన నడుం ఎత్తకుండా ఏకాడు. కొట్టీ కొట్టీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కనుబొమ్మల మీద, మీసాల మీద దూది పట్టి డెబ్భై ఏళ్ళవాడిలా ఉన్నాడు. దూది పోగయ్యేకొద్దీ చెప్పే వాక్యాలు తగ్గిపోయాయి. గుడ్డలోకి దూది కూరి, కర్రతో చదునుగా కొట్టి, దబ్బనంతో మూతి కుట్టేసరికి ఒంటిగంటన్నర. పరుపు చుట్టి నెత్తిన పెట్టుకుని తనే మోసుకెళ్ళి దించి వచ్చాడు.

వచ్చి చూస్తే నసీమా ట్రైనింగు స్కూలు వాళ్ళిచ్చిన కాగితాలు పెట్టెలో పెడుతోంది. రాసిన పేజీలు అట్ట మీద ఉన్నాయి. పొద్దుటి నుంచి మూడే మూడు.

"అమ్మా నసీమా, రేపు పొద్దుటి బండికి వెళ్తే ఏమవుద్ది?"

నసీమా కాగితాల మీద మూత దించింది. పెట్టె గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంచింది. జాన్‌బీ సూది గుడ్డకి గుచ్చి లేచి నిలబడింది.

"నీ పుల్లమ్మ బస్సెక్కినా ఎక్కకపోయినా పర్లేదు. నా కూతురు మాత్రం బండెక్కాల్సిందే."

బుడాన్‌కి సిగ్గేసింది. చెంప మీద కొట్టినట్టు తెలిసింది కూడా. నాలుగు రోజులు పుల్లమ్మ కదలకపోవడానికి కారణం ముసురూ కాదు, కథ తెగకపోవడమూ కాదు. అది బస్సెక్కితే నవల అయిపోతుంది. నవల అయిపోతే కూతురు పక్కన కూర్చుని "తర్వాత?" అని అడగడం అయిపోతుంది. అందుకని పుల్లమ్మని ఎండలో వానలో నిలబెట్టాడు. ఇది తెలిసి తన మీద తనకే కోపం వచ్చింది. నూతి దగ్గరికి వెళ్ళి రెండు చేదల నీళ్ళు నెత్తిన కుమ్మరించుకున్నాడు.

"పద," అన్నాడు ఉతికిన చొక్కా తొడుక్కుంటూ. "స్టేషన్లో రాద్దాం."

బండి ఇరవై నిమిషాలు లేటన్నారు. ఆ మాటకి ప్లాట్‌ఫారం మీద సంతోషించినవాడు అతనొక్కడే. సిమెంటు బల్ల మీద తండ్రీకూతుళ్ళు కూర్చున్నారు. పొద్దుటి నుంచీ విల్లు చప్పుడు మీదే చెప్పి చెప్పి, అది లేకపోయేసరికి మొదట మాట తడబడింది. తర్వాత అరచేత్తో బల్ల మీద దరువు వేసుకుంటూ అందుకున్నాడు. పుల్లమ్మకి ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. కండక్టరు గుంటూరు గుంటూరు అని అరిచాడు. అత్తగారు తరిమినప్పుడు కూడా ఏడవని పుల్లమ్మకి ఆ అరుపు వింటే ఏడుపొచ్చింది.

పక్కన మిరపనారు బుట్ట పెట్టుకుని కూర్చున్న ఒక ముసలామె దగ్గరికి జరిగింది.

"ఎవురయ్యా ఆ పుల్లమ్మ? మీ చుట్టమా?"

"అవునమ్మా," అన్నాడు బుడాన్.

"ఎక్కిందా మరి?"

అతను చెప్పబోయేలోపు దూరాన కూత వినిపించింది. నసీమా వాక్యం పూర్తి చేసి చుక్క పెట్టింది. కాగితాలన్నీ సరిచేసి తండ్రి చేతిలో పెట్టింది.

"మిగతాది నువ్వు రాయి నాన్నా."

"నా చెయ్యి సంగతి తెలుసుగా నీకు."

"తెలుసు. కాగితం ఆదా చెయ్యాలని అచ్చులో ఉన్నంత చిన్నగా రాస్తావు. అందుకే బిగుసుకుపోయి వణుకుద్ది. పెద్దగా రాయి. ఎవరేమంటారు?"

బండి వచ్చింది. జాన్‌బీ పెట్టె అందించింది, కూతురి తల నిమిరింది, ఏదో చెప్పబోయి "కిటికీ పక్కన కూర్చోమాక, బొగ్గు పడుద్ది కళ్ళల్లో," అంది. నసీమా మాత్రం కిటికీ పక్కనే కూర్చుంది. బండి కదిలాక చెయ్యి ఊపింది. మలుపు తిరిగే దాకా ఆ చెయ్యి కనిపించింది. బుడాన్ కాగితాలు గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవాలంటే కాగితాలు వదలాలి, అందుకని తుడుచుకోలేదు.

"ఏమయ్యా, ఎక్కిందా లేదా?" అంది ముసలామె, ఇంకా బల్ల మీద నుంచి లేవకుండా.

"ఎక్కిందమ్మా," అన్నాడు బుడాన్.

ఇంటికి వచ్చేసరికి కొండ మీద ఇంకా ఎండ ఉంది. వసారా అంతా దూది పీచులు. జాన్‌బీ లోపలికి వెళ్ళి పాత పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి అతని ముందు పెట్టింది.

"బండి కదిలాక ఇమ్మంది. ఈ పది రోజులూ నువ్వు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా నా గజంబద్ద పట్టుకుని గీస్తా కూర్చుంది. ఏందే అంటే చెప్పలా."

విప్పి చూశాడు. దస్తా తెల్లకాగితాలు. పైన ఉత్తరం ఏమీ లేదు. ప్రతి కాగితం మీదా పెన్సిలుతో అడ్డంగా గీతలు, గీతకీ గీతకీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత ఎడం, పేజీకి ఎనిమిది వరసలు. ఒకవైపే గీసింది. పోటీ నిబంధన మర్చిపోలేదు.

బుడాన్ గుమ్మంలో వెలుతురున్న చోట కూర్చున్నాడు. కలం పట్టుకున్నాడు. చెయ్యి ఎప్పటిలాగే కొట్టుకుంది, కొట్టుకోనిచ్చాడు. 'పుల్లమ్మ బస్సెక్కింది' అని రాయడానికి చాలాసేపు పట్టింది. అక్షరాలు వంకరపోయాయి, ఊగాయి, అయినా చదవడానికి వస్తున్నాయి. జాన్‌బీ వచ్చి వెనక నిలబడి చూసింది.

"ఏం రాశావు?"

చదివి వినిపించాడు.

"తర్వాత?" అంది జాన్‌బీ, అతని పక్కన చతికిలబడుతూ.

అతను రెండో వరసకి కలం దించాడు. దాని కింద ఆ పేజీలో ఆరు వరసలు, ఆ పేజీ కింద దస్తా కాగితాలు, ఎంత వణికే అక్షరమైనా పట్టేటట్టు నసీమా గీసిన వెడల్పాటి గీతలు.