నీళ్లు చూసుకో

ఆ మైదానంలో ఆర్నెల్లు క్రికెట్, ఆర్నెల్లు ఫుట్‌బాల్. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఈ ఒరలో అవి తాతల కాలం నుంచీ ఇమిడే ఉన్నాయి, అప్పుడప్పుడూ గీసుకుంటూ. క్రికెట్ పిచ్ బాధ్యత పిచ్ మేస్త్రిది. ఫుట్‌బాల్ పచ్చిక బాధ్యత ఆయన బావమరిదిది, అంటే మేస్త్రి భార్యకి సొంత తమ్ముడిది. పిచ్‌కి కావలసింది రోలరు కింద నలిగి రాయిలా బిగిసిన మట్టి. పచ్చికకి కావలసింది తడి. అందుకని భోజనాల దగ్గర కూడా బావ ఎండ కోరుకుంటే బావమరిది వాన కోరుకునేవాడు. మధ్యలో ఆవిడ ఇద్దరికీ కలిపి నాలుగు వడ్డించేది, అన్నంతోపాటు.

వాళ్ల మాటలూ అంతే, ఉత్తర దక్షిణాలు. పిచ్ వాళ్లలో ‘నీళ్లు చూసుకో’ అంటే చుక్క కూడా పడకుండా కాచుకోమని. పచ్చిక వాళ్లలో అదే మాటకి అర్థం తనివితీరా తడపమని. తెలియని వాళ్లు వింటే నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ మాట పట్టుకుని ఆ మైదానంలో జుట్టూ జుట్టూ పట్టుకున్న రోజులున్నాయి.

ఆ మధ్యాహ్నం మేస్త్రికి కాలు ఒకచోట నిలవడం లేదు. తెల్లారితే పెద్ద మ్యాచ్. క్రికెట్‌ని ఊరి బయట కొత్త మైదానానికి మార్చేయాలని కమిటీలో సగం మంది పట్టుబడుతున్నారు. రేపు పిచ్ సరిగ్గా ఆడితే ఇక్కడే ఉంచుతారు, లేకపోతే తవ్వి పారేస్తారు. ఇరవై ఏడు సంవత్సరాలుగా ఆయన తన సొంత పిల్లల కంటే ఎక్కువసార్లు ఆ మట్టినే తడిమి చూసుకున్నాడు. దాన్ని తవ్వుతారన్న మాట ఎవరైనా ఎత్తితే లేచి అవతలికి వెళ్లిపోయేవాడు.

సరిగ్గా అప్పుడే కమిటీ ఆఫీసు నుంచి కబురు వచ్చింది, వచ్చి పిచ్ సంగతి సభ్యులకి స్వయంగా చెప్పమని. కమిటీ పంపిన కారు ఎక్కుతూ ఆయన దూరంగా నిలబడ్డ బావమరిదిని చూసి, “నీళ్లు చూసుకో” అని కేకేశాడు. బావమరిది చెయ్యి ఎత్తాడు.

మీటింగు హాల్లో తెరలు దించేసి, గోడ మీద బొమ్మలు వేస్తున్నారు. కార్యదర్శికి మైక్ దొరికితే పండగే. మైదానం చరిత్ర మొదటి ఇటుక నుంచీ అందుకున్నాడు. ఒకప్పుడు అది ఇటుకబట్టీ కోసం మట్టి తవ్విన గొయ్యి అట. సెలవు రోజుల్లో బట్టీ కూలీలు ఆ గోతిలోనే బంతి తన్నుకునేవాళ్లట. తర్వాత ఆ ఇటుకలతోనే చుట్టూ మెట్లు కట్టారు. తూర్పు స్టాండు మీద గడియారం, ఒక కొసన నిచ్చెనలెక్కి అంకెలు మార్చే చెక్క స్కోరుబోర్డు, ఫుట్‌బాల్ నడిమి చుక్క వచ్చి క్రికెట్ పిచ్ కొస మీదే పడటం, ఇవన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. మైదానం రోడ్డు కంటే పల్లం కాబట్టి వాన పడితే అడుగు నుంచి నీళ్లు ఊరుతాయనీ, వాటిని లాగేయడానికి ఒక మోటారు ఉందనీ కూడా చెప్పాడు. మేస్త్రి ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆ మాటలు ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి వెళ్లిపోయాయి.

ఎందుకంటే అప్పటికే ఆయన తలలో వేరే పురుగు దూరింది. తాను ‘నీళ్లు చూసుకో’ అన్నది ఎవరితో? పచ్చిక వాడితో. వాడు ఏ అర్థం తీసుకుని ఉంటాడు?

వాడికి ఆ తేడా తెలియదా, మా పిల్లలకి కూడా దాన్ని నేర్పింది మేనమామ అయిన వాడే కదా, అని సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకున్న కొద్దీ పురుగు లోపలికి తొలిచింది. తెలిసే తడిపితే? క్రికెట్ పోతే ఏడాదంతా వాడి రాజ్యమే కదా. పోయిన వారం భోజనాల దగ్గర వాడు ఆ మాట నవ్వుతూ అన్నాడు కూడా. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. అది పట్టుకున్న మనిషికి అయినవాళ్లే ముందు కనిపిస్తారు.

మేస్త్రి వరండాలోకి వచ్చి బావమరిదికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. ఇక ఆగలేక గేటు కాపలాదారుకి చేశాడు.

“మోటారు గదిలో అన్నీ ఆపేసి తాళం వెయ్యి. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. ఎవరడిగినా ఇవ్వకు. మా బావమరిది అడిగినా సరే, వాడికి అసలే ఇవ్వకు.”

అప్పటికి గుండె కుదుటపడింది. లోపలికి వెళ్లి, గంటన్నర తర్వాత తన వంతు రాగానే సభ్యుల ముందు నిలబడి, పిచ్ ఎండి గట్టిగా ఉందనీ, బంతి ఎలా లేస్తుందో చూసి మెచ్చుకుంటారనీ ధీమాగా చెప్పాడు. ఒకరిద్దరు తలలూపారు. ఆ తలలూపడం చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

మెట్లు దిగి గుమ్మంలోకి వచ్చేసరికి బయట ధారగా వాన.

తెరలు దించిన హాల్లో ఆయనకి చినుకు చప్పుడు కూడా వినపడలేదు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు చూశాకే అసలు సంగతి వెలిగింది. ‘అన్నీ ఆపేయ్’ అన్నాడు తను. పచ్చిక తడిపే మోటారూ ఆ గదిలోనే, అడుగు నీళ్లు లాగే మోటారూ ఆ గదిలోనే. కాపలాదారుకి ఫోన్ కలవలేదు. కారు ఒక్కో సిగ్నల్ దగ్గరా ఆగుతుంటే తలుపు తీసి దూకేయాలనిపించింది. చివరి మలుపులో నిజంగానే దిగి పరుగెత్తాడు. ఆ వయసులో ఆ పరుగు చూసి ఎవరైనా దొంగ అనుకోవచ్చు, ఆయనకీ కాస్త అలాగే అనిపించింది.

అప్పటికి వాన వెలిసింది. కాపలాదారు గేటు దగ్గరే తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు, చెప్పిన పని చెప్పినట్టు చేసినవాడి గర్వంతో.

“మూడుసార్లు వచ్చి అడిగారండీ మీ బావమరిది. చేతులు పట్టుకున్నారు. మీరు ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పేశాను, ఇవ్వలేదు.”

మేస్త్రి తాళంచెవి లాక్కుని, అడుగు నీళ్ల మోటారు వేసి, మైదానంలోకి దిగాడు. మైదానమంతా నీళ్లు తేలి ఉండాల్సింది. లేవు. బౌండరీ తాడు అవతల, వాలు దిగిన కొసన, గోలు ముందు బావమరిది కొత్త సీజను కోసం ఎత్తుగా పరిచి పెంచుకున్న పచ్చిక ఉండేది. నీళ్లకి ఆ ఎత్తే అడ్డుకట్ట అయింది. ఇప్పుడు దాన్ని నిలువునా చీల్చి కాలవ తీశారు. మైదానం నీళ్లన్నీ అందులోంచి బురదగా, అవతల ఇంకా పల్లంలో ఉన్న మురుక్కాలువలోకి పోతున్నాయి. పచ్చిక పలకలు అటూ ఇటూ ముక్కలై పడి ఉన్నాయి.

పిచ్ మీద టార్పాలిన్ పట్టాలు నాలుగు వైపులా బిగించి కట్టి ఉన్నాయి. మేస్త్రి ఒక అంచు ఎత్తి బొటనవేలితో నొక్కి చూశాడు. మట్టి వేలికి అంటలేదు.

బావమరిది పార పక్కన పెట్టి, మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మేస్త్రి క్షమించమని అడగబోయి, ఆ చేతుల్నే పట్టుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

“తాళం సంగతి అక్కకి మాత్రం చెప్పకు బావా” అన్నాడు బావమరిది. “తెలిస్తే తను ఇక మనిద్దరికీ ఒకే చేత్తో వడ్డించలేదు.”