అందరూ వద్దనే వేశారట

"మరి అవునని వేసిందెవరు?" అన్నాడు డెల్మర్. పళ్ళెంలో గుడ్లు చల్లారిపోతున్నాయి.

వారం రోజులుగా పొద్దున లేస్తే ఆ వంటింట్లో ఇదే ప్రశ్న. ఆర్డిస్ సింకు ముందు నిలబడి తోమిన పెనాన్నే మళ్ళీ తోముతోంది. అవునని వేసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు.

ఎల్క్ హాలో హైస్కూలును మూసేసి, సరస్సు ఒడ్డునున్న పైన్ లేక్ స్కూల్లో కలపాలా వద్దా అని ఏప్రిల్ మొదట్లో ఊళ్ళో ఓటింగు జరిగింది. కలపమన్నవాళ్ళు చిన్న తేడాతో గెలిచారు. ఓటేసిన సాయంత్రం టౌన్‌హాలు మెట్లు దిగుతూ డెల్మర్ "వద్దనే కదా?" అంటే, "మరింకేమిటి?" అంది ఆర్డిస్. ఎలాగూ వద్దన్నవాళ్ళే గెలుస్తారు, తన ఒక్క ఓటు ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. ఇంట్లో గొడవెందుకని చెప్పిన అబద్ధాలే తర్వాత ఇంటిని పట్టుకు పీడిస్తాయి. ఆ ముక్క ఆమెకు అప్పుడు తట్టలేదు.

ఆమె ఆ బడి వంటగదిలో చాలా ఏళ్ళు పనిచేసింది. బడి ప్రాణం ఎప్పుడో పోయిందని ఆమెకు తెలుసు. కెమిస్ట్రీ పాఠం టీవీలో వచ్చేది. బ్యాండంటే ట్రంపెట్ ఊదే ఒక పిల్ల, డ్రమ్ము కొట్టే ఇంకో పిల్లాడు, అంతే. అంత పెద్ద భోజనాల గదిలో పిల్లలు ఓ మూల కూర్చుని తింటుంటే చావింట్లో భోజనాల్లా ఉండేది. ఆమె బాలెట్ కాగితం మీద గుర్తు పెట్టేటప్పుడు కళ్ళ ముందు కనిపించింది ఆ ట్రంపెట్ పిల్లే.

డెల్మర్ కళ్ళకు కనిపించే బడి వేరు. పాల లారీ తోలినన్నాళ్ళూ పగలంతా ఎంత తిరిగినా, శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ మైదానంలో గజాలు కొలిచే గొలుసు పట్టుకోవడానికి ఠంచనుగా వచ్చేవాడు. అతను కొలిచాడంటే అవతలి ఊరివాళ్ళు కూడా మారుమాట్లాడేవాళ్ళు కారు. తర్వాత ఒక్కో పాడి ఫారమూ అమ్ముడుపోయింది, లారీ ఆగిపోయింది. పాల ఫ్యాక్టరీలో ఇప్పుడు సువాసన కొవ్వొత్తులు అమ్ముతున్నారు. లూథరన్ చర్చిని చికాగో దంపతులెవరో కొని, శనాదివారాలు గడపడానికి ఇల్లు చేసుకున్నారు. పాస్టరు నిలబడేచోట వాళ్ళ ఫ్రిజ్ ఉందట. ఇది చాలదన్నట్టు సరస్సు ఒడ్డున ఇళ్ళు కట్టుకున్న ఇలాంటి బయటివాళ్ళు, అంటే సరస్సువాళ్ళంతా కలిసి పేడ వాసన వస్తోందని టౌన్‌హాల్లో ఫిర్యాదు ఇచ్చారు. పాడి ఊళ్ళో పేడ వాసన! ఆ రోజు డెల్మర్‌కు మండింది మంట, ఇంకా ఆరలేదు. అందులో అతని తప్పేమీ లేదని ఆర్డిస్ ఇప్పటికీ అంటుంది.

ఆ మంటలోంచే మిగతావన్నీ పుట్టాయి. రెండున్నరేళ్ళ కిందట దేశం మొత్తం ఓటేసినప్పుడు, రాష్ట్రంలో పెద్ద నగరం మిల్వాకీలో దొంగ ఓట్లు గుద్దారని అతను నమ్మాడు. "మనూరి ఓట్లంటావా, అవి బెర్నీ లెక్కపెట్టింది. కడిగిన ముత్యాలు. దొంగతనమంతా మిల్వాకీలోనే" అనేవాడు. బెర్నీ ఊరి క్లర్కు, ఓటింగు నడిపేది, లెక్క రాసేది ఆమే. ఒకటో తరగతి నుంచి ఆర్డిస్ పక్కన కూర్చున్న స్నేహితురాలు. దొంగలు దూరంగా ఉన్నన్నాళ్ళూ ఆర్డిస్ కూడా ఆ మాటలు విని ఊరుకుంది.

"ఇలా కాదు, ఇల్లిల్లూ తిరిగి అడుగుతా" అని డెల్మర్ గుడ్లు వదిలేసి లేచాడు. "నువ్వూ రా. నువ్వుంటే నోరు విప్పుతారు."

ఒట్టి చేతుల్తో ఎవరింటికీ వెళ్ళకూడదు కాబట్టి ఆర్డిస్ ఖర్జూరం బిళ్ళలు డబ్బాలో పెట్టుకుని పికప్ ట్రక్కు ఎక్కింది. మంచు కరిగి దారంతా బురద బురదగా ఉంది. మొదట లైల్ హాగెన్ ఇంటికి వెళ్ళారు. లైల్ ఊరి బోర్డుకు ఛైర్మన్.

"సూటిగా అడుగుతున్నా లైల్, నువ్వెటు వేశావ్?"

"అదేం ప్రశ్నయ్యా బాబూ! వద్దనే. ఇంకెలా వేస్తాను?" అన్నాడు లైల్, తన బూట్లకేసి చూసుకుంటూ. అతని భార్య కోనీ, "ఉండండి, కాఫీ పెడతా" అని గబుక్కున లేచింది. కాఫీ అప్పటికే అందరి కప్పుల్లోనూ పొగలు కక్కుతోంది.

ఆ లేవడం ఆర్డిస్‌కు తెలుసు. తను పెనం తోమినట్టే కోనీ కాఫీ పెడుతోంది.

ఆ తర్వాత ఏ గుమ్మం ఎక్కినా ఇదే వరస. ఆ ఊళ్ళో పొరుగువాడి ముఖం మీద కాదనడమంటే వాడి కుక్కను కాల్చినంత పని. దొంగతనమైనా క్షమిస్తారేమో గానీ మొహమాటం తప్పినవాణ్ణి క్షమించరు. "వద్దనే వేశాం డెల్మర్." "నీకు చెప్పాలా?" "బడి పోతే ఊరింకెక్కడుంది?" అందరూ ఎంత బాగా చెప్పారో! ముసలి బ్రహ్మచారి ఐనర్ ఒక్కడే పశువుల కొట్టం గుమ్మంలో నిలబడి ముందు ఓ బిళ్ళ తీసుకుని నమలడం మొదలెట్టాడు.

"చెప్పు పెద్దాయనా" అన్నాడు డెల్మర్.

"నువ్వెలా అనుకుంటే అలాగే అనుకో నాయనా" అన్నాడు ఐనర్, డబ్బాలోంచి రెండో బిళ్ళ తీసుకుంటూ.

డెల్మర్ దాన్ని కూడా వద్దు కిందే జమ వేసుకున్నాడు.

ఆర్డిస్‌కు ఇప్పుడు కొత్త జబ్బు పట్టుకుంది. ఎవరు నవ్వినా అనుమానమే, ఎవరు కళ్ళు దించినా అనుమానమే. కోనీ కూడానా? ఐనర్ కూడానా? ఇంతమంది అబద్ధమాడుతున్నారని తనకు తెలిసిపోతుంటే, తన అబద్ధం వాళ్ళకు తెలియకుండా ఉంటుందా? పొద్దున పికప్పు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు కోనీ ఆమె చెయ్యి అవసరమైనదానికన్నా కొంచెం గట్టిగానే నొక్కింది. ఆర్డిస్ తన చెయ్యి వెనక్కి లాక్కుంది.

తిరుగు దారిలో డెల్మర్ ముఖం వెలిగిపోతోంది. ఆర్డిస్ అతన్ని అంత సంతోషంగా చూసి ఏళ్ళయింది.

"చూశావా? ఒక్కడంటే ఒక్కడు లేడు! మనవాళ్ళు మనవాళ్ళేనే. మరి ఆ ఓట్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయంటావ్?"

"సరస్సువాళ్ళేమో."

"వాళ్ళు వేశారనే అనుకో. సగంమంది చికాగోలో ఒకటి, ఇక్కడ ఒకటి వేస్తారు. కానీ లోపలి మనిషి లేకుండా జరిగే పనా ఇది? పెట్టె తాళం ఎవరి దగ్గరుంది?"

"డెల్మర్! బెర్నీ నా పెళ్ళిలో తోడిపెళ్ళికూతురిగా నా పక్కన నిలబడింది."

"అందుకేగా మనకు అనుమానం రాంది" అన్నాడు డెల్మర్.

అప్పుడు ఆర్డిస్‌కు అర్థమైంది. దొంగలు పడ్డారంటే ఊరంతా ఒక్కటిగా ఉన్నట్టే. దొంగలు పడలేదంటే ఊరివాళ్ళే బడిని చేతులారా ఇచ్చేశారన్నమాట. మొదటిదైతే డెల్మర్ తట్టుకోగలడు. అతని మీద జాలేసింది, జాలితో పాటు ఒళ్ళు మండింది కూడా. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. సంతోషంగా ఉన్న మొగుడి ముఖం పాడుచెయ్యబుద్ధి కాలేదు.

మాట పాకడానికి ఎంతసేపు? రెండ్రోజుల్లో బెర్నీ ఇంటి ముందు పోస్టు డబ్బాను ఎవరో బేస్‌బాల్ బ్యాటుతో పగలగొట్టారు. ఫోన్లో పేరు చెప్పని గొంతులు తిట్టిపోస్తున్నాయి. ఆర్డిస్ వెళ్ళేసరికి బెర్నీ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, వంకరపోయిన డబ్బాను సుత్తితో సాపు చేస్తోంది.

"ఒసేయ్, నువ్వు కూడా నమ్ముతున్నావా?" అంది తలెత్తకుండానే.

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"అయితే మీ ఆయనతో ఓ ముక్క చెప్పొచ్చుగా."

"చెబితే వినే మనిషా?"

బెర్నీ సుత్తి కింద పెట్టి ఆమెను నిదానంగా చూసింది. ఆర్డిస్ ఆ చూపుకు తట్టుకోలేక డబ్బాకేసి తిరిగింది. బెర్నీకి తెలుసా? బాలెట్ మీద పేరుండదు. అయినా తెలుసేమో. అడుగుతుందేమో.

"నేనెవర్నీ ఎటు వేశావని అడగలేదు" అంది బెర్నీ. "నిన్నూ అడగను. ఊరి మీటింగులో మీ ఆయన తీర్మానం పెడతాడట, నన్ను పీకెయ్యాలి, షెరీఫుకు అప్పగించాలి అని. పెట్టనీ. మీటింగులో ఎవరేమన్నారో రాసుకోవాల్సింది నేనేగా. నన్ను తిట్టిన తిట్లన్నీ అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటా." నవ్వబోయి, సుత్తి మళ్ళీ అందుకుంది. "ఆ తర్వాత ఈ ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని తిరగనే?"

ఏటా ఏప్రిల్లో ఊరి మీటింగు జరుగుతుంది. ఊళ్ళో ఉండేవాళ్ళెవరైనా రావచ్చు, మాట్లాడొచ్చు, చెయ్యెత్తి ఓటెయ్యొచ్చు. మామూలుగా రోడ్లకు కంకర గురించి ఓ పదిమంది వాదించుకుని ఇళ్ళకు పోతారు. ఆ సాయంత్రం మాత్రం మడత కుర్చీలు చాలక జనం గోడల వెంబడి నిలబడ్డారు. సరస్సువాళ్ళు ఒక్కరూ రాలేదు. వాళ్ళకు ఈ మీటింగు సంగతే తెలియదు. డెల్మర్ దాన్ని కూడా అనుమానించాడు.

కంకర సంగతి తేలగానే అతను లేచాడు. బడి రంగుల పాత కోటు వేసుకొచ్చాడు, అదిప్పుడు పొట్ట దగ్గర బిగుతుగా ఉంది.

"ఇంటింటికీ తిరిగాను. అందరూ వద్దన్నారు. ఓట్లు మాత్రం అవునంటున్నాయి. ఇందులో మాయ ఎక్కడుందో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. లైల్, తీర్మానం తర్వాత. ముందు ఇక్కడే తేల్చేద్దాం. బడి మూయొద్దని వేసినవాళ్ళు చేతులెత్తండి!"

లైల్ గొంతు సవరించుకున్నాడు. ఛైర్మన్ కాదనొచ్చు. రహస్యంగా వేసిన ఓటును బయటపెట్టమని అడిగే హక్కు ఎవరికీ లేదనొచ్చు. అనలేదు. ముందు అతని చెయ్యే లేచింది. తర్వాత గోడ పక్కనున్నవాళ్ళవి, ఆ తర్వాత వరసల్లో కూర్చున్నవాళ్ళవి లేచాయి. కోనీ చెయ్యి చెవి దాకా వచ్చి ఆగింది. ఐనర్ మోచెయ్యి మోకాలి మీదే ఆనించి అరచెయ్యి మాత్రం ఎత్తాడు.

"బెర్నీ! లెక్కపెట్టుకో! నువ్వే లెక్కపెట్టు!" అని కేకేశాడు డెల్మర్.

బెర్నీ లేచి నిలబడి కలంతో ఒక్కో వరసా చూపిస్తూ లెక్కపెట్టసాగింది. పెదాలు కదులుతున్నాయి. ఎవరి వైపు కలం తిరిగితే వాళ్ళు పైకప్పుకేసి చూస్తున్నారు. ఆర్డిస్ రెండో వరసలో, మొగుడి పక్కనే ఉంది. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఎత్తవే" అన్నాడు డెల్మర్, పెదవి కదలకుండా.

ఆమె ఎత్తలేదు.

"వినబడలేదా ఆర్డిస్?"

"వినబడింది." లేచి నిలబడింది. "నేను అవునని వేశాను డెల్మర్. నీతో అబద్ధం చెప్పాను. నా ఓటు ఎవరూ మార్చలేదు, నేనే వేశాను. మళ్ళీ పెట్టినా అలాగే వేస్తాను."

ఎక్కడో ఓ కుర్చీ కిర్రుమంది. కోనీ చెయ్యి మెల్లగా దిగి ఒళ్ళో పడింది. "నాదీ అంతే" అన్నాడు ఐనర్, అరచెయ్యి మూస్తూ. గోడ పక్కన ఇంకో రెండు, వెనక వరసలో మరికొన్ని దిగాయి. లైల్ తన చేతిని తల మీదికి పోనిచ్చి, గోక్కోవడానికే ఎత్తినట్టు గోక్కున్నాడు. అతను ఎటు వేశాడో మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

డెల్మర్ చుట్టూ తిరిగి దిగుతున్న చేతుల్ని చూశాడు.

"ఇంతమందినా?" అన్నాడు. "వాళ్ళు ఇంతమందిని లొంగదీసుకున్నారా?"

తీర్మానాన్ని బలపరిచేవాళ్ళు ఎవరని లైల్ అడిగాడు. ఎవరూ ముందుకు రాకపోవడంతో అది అక్కడితో వీగిపోయింది. బెర్నీ కూర్చుని ఆ సంగతి రాసుకుంది.

బయట పికప్పులో డెల్మర్ ఇంజిను ఆన్ చేసి కూర్చున్నాడు. ఆర్డిస్ ఎక్కి తలుపు వేసుకుంది. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండునని కూడా అనుకుంది. అతను అరవలేదు. ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నామీద కోపంతో చేశావని నేననుకోవడంలేదు" అన్నాడు చాలా మెత్తగా. "నాకు తెలుసు, నువ్వలాంటి దానివి కావు. బెర్నీ బెదిరించిందా? నీ పింఛను గురించి ఏమన్నా అందా? భయపడకు. ఒక్క మాట చెప్పు, బలవంతం చేశారని. మిగతాదంతా నేను చూసుకుంటా. ఇంటికెళ్ళి భోంచేద్దాం."

ఆర్డిస్‌కు ఏడుపొచ్చింది. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, మొగుడు, ఇల్లు, తెల్లారి వంటింట్లో మామూలు కబుర్లు, అన్నీ తిరిగొస్తాయి. ఇంత ప్రేమగా ఆ చెయ్యి తన చేతిని పట్టుకుని ఎన్నాళ్ళయిందో. పోయేదల్లా బెర్నీ ఒక్కతే.

"నన్నెవరూ బెదిరించలేదు డెల్మర్. నాకు నేనుగా వేశాను."

అతను చెయ్యి వదల్లేదు.

"అలా చెప్పమన్నారా వాళ్ళు?" అన్నాడు.

ఇకమీదట ఏం చెప్పినా అదీ వాళ్ళు చెప్పించిందే అవుతుందని ఆర్డిస్‌కు తెలిసిపోయింది. తన చెయ్యి తనే విడిపించుకుంది. దిగి, హాల్లోకి నడిచి, కుర్చీలు మడుస్తున్న బెర్నీ పక్కన తనూ ఓ కుర్చీ అందుకుంది. వాకిట్లో ఇంజిను ఆగకుండా నడుస్తూనే ఉంది.