నాలుగు తీగల మోటారు

జావా దీవిలో చెక్కపనికి పేరుపడ్డ మా జెపారాలో సుత్తి చప్పుడు వినపడని వసారా ఉండదు. మా పక్కింట్లో మాత్రం అప్పటికి మూడు నెలలుగా ఆ చప్పుడు లేదు. ముప్పై ఏళ్ళపాటు టేకు మీద తీగలూ ఆకులూ చెక్కిన పాక్ కస్మిరన్‌కి కుడి మణికట్టు వాచిపోయింది. డాక్టరు పట్టీ కట్టి, ఉలి ముట్టుకోవద్దన్నాడు. ఆయన ఉలి పక్కన పెట్టాడు గానీ నోటికి మాత్రం విశ్రాంతి ఇవ్వలేదు. వెనక వసారాలో కుర్చీ వేసుకుని, భార్య చేసే పనికి రోజంతా వంకలు పెడుతూ ఉండేవాడు.

మా ఊళ్ళో పెద్ద మగవాళ్ళని పాక్ అనీ ఆడవాళ్ళని బు అనీ అంటాం, మొగుడూపెళ్ళాలూ అలాగే పిలుచుకుంటారు. ఆయన భార్య బు సుకేసి హైస్కూల్లో భౌతికశాస్త్రం లాబ్ చూసుకునేది. ఇరవై ఆరేళ్ళు పిల్లలు పగలగొట్టినవి అతికించి అతికించి, ఆ ఏడే రిటైరయింది. ఇంటికొచ్చిన వారానికే ఒక యంత్రం కట్టడం మొదలుపెట్టింది. కంప్యూటర్లో బొమ్మ గీస్తే చాలు, మూడు మోటార్లు కలిసి ఓ తిరిగే కత్తిని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ నడిపి, ఆ బొమ్మని చెక్కలో కోసేస్తాయట. మొగుడి చెయ్యి చూడలేక కడుతోందని వీధంతా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. మా రెండిళ్ళ మధ్య గోడ నడుమెత్తు. ఇవతల నేను కుర్చీ కాళ్ళకి ఉప్పుకాగితం రుద్దుకుంటూ కూర్చునేదాన్ని కాబట్టి అక్కడ జరిగేది కనపడేది, వినపడేది కూడా.

"ఈ నల్ల పెట్టెలేంటి, బు?" అని అడిగాడాయన ఒక పొద్దున.

"డ్రైవర్లు. కంప్యూటరు చెప్పినట్టు మోటారుకి కరెంటు అందిస్తాయి. మోటారుకొకటి."

"మూడు మోటార్లకి ముగ్గురు డ్రైవర్లా! మరి కండక్టరేడీ?"

"మీరు టికెట్టు కొనని ప్యాసింజరు. కదలకుండా కూర్చోండి."

ఆ రోజే మొదటిసారి కరెంటు ఇచ్చింది. రెండు మోటార్లు బుద్ధిగా తిరిగాయి. కత్తిని ఎడమకీ కుడికీ నడపాల్సిన మూడోది మాత్రం తిరగలేదు. జ్వరమొచ్చిన కోడిలా ఉన్నచోటే వణుకుతూ గుర్రుమంది. సుకేసి ఆపింది, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే వణుకు.

"దానికీ మణికట్టు వాచినట్టుంది," అన్నాడు కస్మిరన్.

మర్నాడు ఆవిడ తమ్ముడు జంహారి వచ్చాడు. రేవులో చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. బలం చాలకపోతే ఏదైనా వణుకుతుందని అతని సిద్ధాంతం. "కరెంటు పెంచక్కా, అదే తిరుగుతుంది," అన్నాడు. పెంచారు. మోటారు చెయ్యి పెట్టలేనంతగా కాలింది, వణుకు మాత్రం తగ్గలేదు. "తీగ సరిగ్గా దిగలేదేమో" అంటూ జంహారి దాన్ని పట్టుకుని లాగాడు.

"కరెంటు ఉండగా పీకకురా!" అని సుకేసి అరిచేలోపే 'టప్'మంది. డ్రైవరు పెట్టెలోంచి సన్నగా పొగ లేచి, కాలిన వాసన మా పెరట్లోకి కూడా వచ్చింది.

"డ్రైవరు చచ్చిపోయాడు," అన్నాడు కస్మిరన్ టోపీ తీసేసి. "పాపం, రెండో రోజు డ్యూటీకే."

సుకేసి నవ్వలేదు. తమ్ముడు తల దించుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకి కొత్త పెట్టె వచ్చింది. ఈసారి ఒంటరిగా, ఒక్కో తీగా కాగితంలో చూసుకుంటూ బిగించింది. మీట నొక్కింది. మోటారు మళ్ళీ వణికింది.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. కస్మిరన్ లోపలికెళ్ళి, అల్లం మిరియాలు దంచి కాచిన కొబ్బరిపాల పానకం రెండు గ్లాసుల్లో పోసి తెచ్చాడు. ఎడమ చేత్తో తేవడం వల్ల దారి పొడుగునా ఒలికింది.

"వదిలెయ్యరాదూ?" అన్నాడు మెల్లగా.

ఆవిడ గ్లాసు అందుకుని, మోటారుతో పాటు వచ్చిన కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది. "పాక్, నేను అన్నీ ఈ కాగితంలో ఉన్నట్టే కలిపాను. మరి కాగితమే తప్పయితే?"

ఆ మోటారుకి నాలుగు తీగలు. లోపల రెండు చుట్టలు, ఒక్కో చుట్టకి రెండు కొసలు. ఎరుపూ నీలం ఒక జత, ఆకుపచ్చా నలుపూ ఇంకో జత అని కాగితం చెబుతోంది. ఒక చుట్ట కొస ఇంకో చుట్ట కొసతో జతపడితే మోటారుకి ఎటు తిరగాలో తెలియక వణుకుతుంది. తీగల్లో కరెంటు దారి చూపే మీటరు ఉంటే క్షణంలో తేలిపోయేది. కానీ ఆ మీటరు జంహారి పడవ మీదికి తీసుకెళ్ళి నీళ్ళలో పడేశాడు.

"మీటరు లేకపోయినా ఒక దారుంది. కరెంటు తీసేసి, మోటారుని విడిగా పట్టుకుని, రెండేసి తీగల్ని కలిపి చూడాలి. ఒకే చుట్ట కొసలు కలిస్తే ఇరుసు తిప్పేటప్పుడు బిగుసుకుంటుంది. నాకేమో తీగలు పట్టుకోడానికే రెండు చేతులూ చాలవు. మీరు ఇరుసు తిప్పాలి. ఎడమ చేత్తోనే."

"ఎడమ చేత్తో నేను గరిటె కూడా తిప్పలేను," అంటూ ఆయన పట్టీలోంచి కుడి బొటనవేలూ చూపుడువేలూ బయటికి లాక్కున్నాడు. ఆవిడ వద్దనబోయి ఆగింది.

ముందు ఎరుపూ నీలం కలిపింది. ఆయన కళ్ళు మూసుకుని ఇరుసు తిప్పాడు. "వెన్న రాసినట్టు తిరుగుతోంది."

"అయితే ఇవి జత కాదు. ఇప్పుడు ఎరుపూ ఆకుపచ్చా."

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. కొంచెం తిప్పి, వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పాడు. "ఆగాగు. టేకులో ముడి దగ్గర ఉలి పట్టేసినట్టుంది. ఒక్కో ముడీ దాటుకుంటూ పోతోంది. ఇదే, బు! ఇదే!"

నీలమూ నలుపూ కలిపినా అలాగే బిగిసింది. ఎవరో ఈ ఒక్కదానికి వేరే మోటారు కాగితం పెట్టి పంపించారు. సుకేసి తీగలు మార్చి, కరెంటు తగ్గించి పాత కొలతకి తెచ్చి, మీట ఆయన్నే నొక్కమంది. కత్తి ఉన్న బండి ఈ కొస నుంచి ఆ కొసకి చిన్న పాట పాడుకుంటూ జారింది. కస్మిరన్ నొక్కుతూనే ఉన్నాడు. అది యంత్రం చివరి అడ్డుకి గుద్దుకునేలోపు ఆవిడే ఆపాల్సి వచ్చింది.

పరీక్షకని ఒక మహాగని ముక్క బిగించి, ఆయన పేరే చెక్కమని యంత్రానికి ఇచ్చింది. పావుగంటలో పనయింది. పొట్టు ఊదేసి చూస్తే అక్షరాలన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉన్నాయి. కస్మిరన్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "నీ యంత్రానికి చదువు రాదు! లాబ్‌లో పనిచేసి ఏం లాభం?"

"ఒక చుట్ట కొసలు రెండూ తారుమారు చేస్తే సరి. మోటారు ఎడమ అనుకున్నది కుడి అయింది, అంతే."

ఆయన నవ్వు మధ్యలో ఆగింది. ఆ ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. లోపలికెళ్ళి, గోడకి ఆనించి ఉన్న తలుపు రెక్క మోసుకొచ్చాడు. మణికట్టు వాచకముందు మొదలుపెట్టిన జత అది. కుడి రెక్క పూర్తయింది, ఎడమ రెక్క మొదలే కాలేదు. కుడివైపు చెక్కిన తీగ ఎంత వంపు తిరిగిందో, ఎడమవైపుదీ సరిగ్గా అంతే వంపు తిరగాలి, అదీ ఎదురుదిక్కుకి. చెక్కేవాడికి అదే కష్టం. ఆయన మణికట్టు తినేసింది కూడా ఆ ఎదురు వంపులే.

"తీగలు మార్చకు. కుడి రెక్క బొమ్మ ఇస్తే ఎడమ రెక్క ఇస్తుంది కదా ఇది?"

"దానికి తీగలెందుకు పాక్? కంప్యూటర్లో ఒక్క నొక్కుతో బొమ్మ తిరగబడుతుంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"మీరు కండక్టరు గురించే కదా అడిగారు!"

వారం పాటు ఇద్దరూ కాగితాల మీద పడ్డారు. ఆయన నమూనా చూసి ఆవిడ కంప్యూటర్లో గీసింది. యంత్రం ఎడమ రెక్కని మోటుగా కోసింది. మిగతాది, ఆకు అంచు పలచన చేయడం, తీగ కొసని చుట్టడం, ఆయన రోజుకో గంట చొప్పున మెల్లగా చేసుకున్నాడు. డాక్టరు గంటకి ఒప్పుకున్నాడు. రెక్కలు కొన్నవాళ్ళింటికి వెళ్ళిపోయిన రోజు ఆయన హుషారుగా ఇంకో మూడు జతల నమూనాలు తెచ్చి బల్ల మీద పరిచాడు.

సుకేసి వాటిని చుట్టి ఆయన చేతిలోనే పెట్టింది. "మధ్యాహ్నం దాకా మీది. ఆ తర్వాత నాది."

"నీకేం పని దీంతో?"

"గడియారం చేసుకోవాలి. చెక్క పళ్ళచక్రాలతో. మీ చెయ్యి వాచక ముందునుంచీ అనుకుంటున్నా. ఈ యంత్రం కట్టింది అందుకే."

ఆయన చేతిలోని నమూనాలు బల్ల మీద పెట్టేశాడు. గోడ ఇవతల నేను రుద్దడం ఆపేశాను. "ఎన్ని పళ్ళు?" అని అడిగాడు.

"పెద్ద చక్రానికి తొంభై."

"టేకు వద్దు. పళ్ళు విరుగుతాయి. పాత పనస చెక్క ఉంది, పొయ్యి పైన బాగా ఎండింది," అంటూ అటక కిందికి నిచ్చెన లాక్కున్నాడు.

గడియారం ఇప్పుడు వాళ్ళ వసారాలోనే ఉంది. రోజుకి పదకొండు నిమిషాలు ముందుకి పోతుంది. లోలకం పొడుగు పెంచాలని ఆవిడ, చక్రం పళ్ళు ఇంకా నునుపు చేయాలని ఆయన. ఆ తగవు నిన్న కూడా తెగలేదు.