బుధవారం రూబమ్మది

కుక్కకు క్షవరం చేయడానికి కుళ్ళాయప్పకు ఏ అభ్యంతరమూ లేదు. చిక్కంతా వారంతో వచ్చింది.

కదిరిలో బాలసుబ్రహ్మణ్యం శెట్టి ఇంటి అరుగు మీద అతను కుర్చీ వేసుకుని అప్పటికి ఏడాదిన్నర. అంతకుముందు పల్లెలో ఉండేవాడు. పల్లెలో ఇంటింటికీ తిరిగి గడ్డాలు గీసి తలలు గొరిగితే, పంట వచ్చినప్పుడు కళ్ళంలోనే గింజలు కొలిచి పోసేవాళ్ళు. వరసగా మూడేళ్ళు వానలు ఎగ్గొట్టాయి. కళ్ళం లేదు, గింజలు లేవు, గడ్డాలు మాత్రం ఎప్పటిలాగే పెరుగుతున్నాయి. ఇక లాభం లేదని పెళ్ళాం నల్లమ్మనీ, కత్తుల పెట్టెనీ, అద్దాన్నీ తీసుకుని కదిరి బస్సెక్కాడు. శెనక్కాయల మండీ నడిపే శెట్టి, పోనీలే అని అరుగు మీద నీడలో కూచోమన్నాడు, బాడుగ కూడా వద్దన్నాడు. ఆ అరుగు ఉన్నంతకాలం కుళ్ళాయప్పకు కదిరిలో అన్నం ఉంది. అరుగు పోతే మళ్ళీ పల్లె. పల్లెలో ఏముందో అతనికి బాగా తెలుసు. ఏమీ లేదు.

ఇక రూబీ సంగతి. శెట్టి అల్లుడు బెంగుళూరు నుంచి అత్తగారికి తోడుగా ఉంటుందని తెచ్చిచ్చిన కుక్క అది. తెల్లటి బొచ్చు, నల్లటి ముక్కు, పిల్లి కంటే కొంచెం పెద్దది. శెట్టి భార్య వరలక్ష్మమ్మ దాన్ని ఎట్లా సాకిందంటే, పొద్దున పెరుగన్నం, దాని మీద బెల్లం పొడి, సాయంత్రం వేడిపాలు, పండగ వస్తే నేతి ఓళిగ. నడక అంటే నడవలో పరిచిన నున్నటి కడప రాళ్ళ మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. ఆరునెలలు తిరిగేసరికి దాని గోళ్ళు కొక్కేల్లాగా లోపలికి వంకర తిరిగాయి, చెవుల వెనక బొచ్చు చాపలాగా అల్లుకుపోయింది, పండ్లు పసుపుపచ్చగా తయారయ్యాయి. నోరు తెరిస్తే వచ్చే వాసనకు శెట్టి మధ్యాహ్నం భోజనం మండీకే తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. భార్యతో మాత్రం మండీలో పని ఎక్కువైందని చెప్పాడు.

పశువుల ఆసుపత్రి కాంపౌండర్ ఓబుళేసును పిలిపించారు. ఆయన అరుగు మీదే కూచుని రూబీ నోరు తెరిచి చూసి, మొహం పక్కకు తిప్పి, ఒక నిమిషం ఆగి మాట్లాడాడు.

"మందేం అక్కర్లేదమ్మా. గోళ్ళు తీయించల్ల, చిక్కులు కత్తిరించల్ల, పండ్లు రుద్దల్ల. పొద్దస్తమానం మెత్తటి అన్నం పెడ్తే పండ్లకు పాచి పట్టక ఏం చేస్తాది? బెల్లం మాన్పించండి. ఒగ ఎముక యేస్తే కొరికి కొరికి అదే శుభ్రం చేసుకుంటాది."

"ఎముకా? మా ఇంట్లోనా?" అంది వరలక్ష్మమ్మ.

"అయితే బాగా ఎండబెట్టిన జొన్నరొట్టె యేయండి, కొరుకుతాది. గోళ్ళకు మాత్రం చెయ్యి తిరిగిన మనిషి కావల్ల. గోరు లోపల నెత్తురు నరం ఉంటాది. అది తెగకుండా కొన మాత్రమే తీయల్ల."

చెయ్యి తిరిగిన మనిషి నాలుగడుగుల దూరంలో కత్తి నూరుకుంటున్నాడు. ఓబుళేసు అతని వైపు చూశాడు. వరలక్ష్మమ్మ చూసింది. రూబీ కూడా చూసింది.

అరుగు ఆమెది. కుళ్ళాయప్ప సరేనన్నాడు. అని, మనసులో గబగబా లెక్క వేసుకున్నాడు. మంగళవారం, శుక్రవారం ఎవరూ క్షవరం చేయించుకోరు, కుర్చీ ఖాళీ. కుక్కను ఆ రోజు కూచోబెడితే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

"మంగళవారం చేస్తానమ్మా. ఆ పొద్దు ఎట్లాగూ ఎవురూ రారు."

వరలక్ష్మమ్మ అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మంగళవారం గోళ్ళు తీస్తారా ఎవురన్నా? ఇంట్లో లక్ష్మి నిలబడ్తాదా?"

"కుక్క గోళ్ళు కదమ్మా."

"గోళ్ళు గోళ్ళే."

శుక్రవారం మాట ఎత్తితే చెంపలేసుకుంది. శనివారం కూడా కుదరదంది. లోపలికి పోయి పంచాంగం తెచ్చి, చివరికి బుధవారం ఖాయం చేసింది. పొద్దున్నే, ఎండ పడకముందే, మొదటి బేరం రూబీదే. కుళ్ళాయప్పకు వారం మొత్తం మీద తలకాయలు తగిలేదే బుధవారం. ఆ మాట నోటిదాకా వచ్చింది. అరుగు వైపు చూసుకుని మింగేశాడు.

ఒళ్ళు దగ్గర పెట్టుకునే మొదలుపెట్టాడు పాపం. రూబీకి వేరే కత్తెర, వేరే దువ్వెన, వేరే గుడ్డ, అన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి, వచ్చిన ప్రతివాడికీ డబ్బా మూత తీసి చూపించాడు. "దానిది దానికే, మనది మనకే." అందరూ తలూపారు. మొదటి బుధవారం రూబీని కుర్చీలో కూచోబెట్టి, కాలు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. కాంపౌండర్ చెప్పినట్టే తెల్లటి గోరులో ఎర్రటి గీత ఒకటి కనిపించింది. గీతకు ఇవతలే కత్తెర పెట్టి ఒక గోరు తీశాడు, రెండో గోరు తీశాడు. మూడో గోరు దగ్గర రూబీ కాలు లాక్కుంది. కత్తెర లోతుకు పోయింది. నెత్తురు చుక్క.

నెత్తురు చూడగానే చెయ్యి దానంతట అదే పటిక మీదికి పోతుంది. ఇరవై ఏళ్ళ అలవాటు. తడిపి, గోరు మీద నాలుగు రుద్దులు రుద్దాడు. నెత్తురు ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, డబ్బాలో అన్నీ రెండోవి పెట్టుకున్నాడు గానీ పటిక మాత్రం పెట్టుకోలేదని.

వెనకాల నిలబడి ఉన్నవాడు వీరప్ప. తాలూకాఫీసులో దఫేదారుగా చేసి రిటైరైనవాడు, నడుముకు బిళ్ళపట్టీ కట్టుకుని తాసిల్దారు ముందర నడిచినవాడు. మీసాలు ఇప్పటికీ ఉద్యోగంలోనే ఉన్నట్టుంటాయి. ఏటా కదిరిలో దేవుడి తేరు లాగేటప్పుడు ముందర కర్ర పట్టుకుని నడిచే పెద్దమనుషుల్లో ఆయనొకడు. ఆయన ఎక్కడ గడ్డం గీయించుకుంటే బజారు వీధంతా అక్కడే గీయించుకుంటుంది.

"కుళ్ళాయప్పా, ఆ పటిక ఎవురిది?"

అబద్ధం చెప్పాలని కుళ్ళాయప్పకు తోచలేదు. "అందరిదీనన్నా."

"పోయిన వారం నా దవడకు రుద్దింది?"

"అదే."

వీరప్ప కండువా తీసి, ఎనిమిది రోజుల కిందట గీసిన దవడను గట్టిగా తుడుచుకున్నాడు. "ముప్పై ఏండ్లు తాసిల్దార్ల ముందర నడిచినా. ఇప్పుడు కుక్క యెనకాల వరసలో నిలబడి, కుక్క పటిక రుద్దించుకోవల్లనా? ఏమప్పా, సిగ్గుండాదా నీకు?" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఎండ నెత్తికెక్కేసరికి ఈ సంగతి బస్టాండు దాకా పోయింది. బస్టాండు పక్కన టార్పాలిన్ కింద ఎర్రన్న అని ఇంకో క్షవరం మనిషి ఉన్నాడు. ఆ రోజు నుంచి ఎర్రన్న దగ్గర జనం నిలబడి ఎదురుచూడడం మొదలైంది. కుళ్ళాయప్ప కొత్త పటిక కొని దానికి ఎర్రదారం చుట్టాడు. ఎర్రదారంది మనుషులదో కుక్కదో తేలక, వచ్చే ఇద్దరు కూడా మానేశారు.

"శెట్టెమ్మకు చెప్పెయ్, కుక్కను చేయనని," అంది నల్లమ్మ. ఆమె మిద్దె మీద రూబీ కోసం జొన్నరొట్టెలు ఎండబెడుతోంది.

"చెప్తే అరుగు పోతాది."

"చెప్పకుంటే?"

"తలకాయలు పోతాయి."

"ఏది పోయినా పోయేది అన్నమే కదా. ఏదో ఒగటి తొందరగా పోగొట్టు, కూచోని ఆలోచించే పని తప్పుతాది."

రెండో బుధవారం పని అయిపోగానే చెప్పేద్దామని నిర్ణయించుకున్నాడు. ఆ రోజు గోళ్ళు ఒక్క చుక్క నెత్తురు కారకుండా తీశాడు. చిక్కులు లాగకుండా, వేళ్ళతో విడదీసి, రానివి కత్తిరించాడు. చూపుడువేలికి తడిగుడ్డ చుట్టుకుని, మెత్తగా నూరిన తుమ్మబొగ్గు అద్దుకుని, పెదవి పైకెత్తి పండ్లు ఒక్కొక్కటే రుద్దాడు. జొన్నరొట్టెలు కొరికిందేమో, పాచి సగం అప్పటికే ఊడిపోయింది. రూబీ కళ్ళు మూసుకుని, గడ్డం గీయించుకునే పెద్దమనిషిలాగా తల వెనక్కి వాల్చింది.

అంతా అయ్యాక దాన్ని ఎత్తుకుని లోపలికి పోబోతే వరలక్ష్మమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా, క్షవరమైనాక నీళ్ళు పోసుకోకుండా ఎవురన్నా ఇంట్లోకి వస్తారా?"

మొదటి బుధవారం గొడవలో ఆ ముక్క మరిచిపోయిందట. పనిమనిషి బయమ్మ గంగాళం నిండా వేడినీళ్ళు, కుంకుడు రసం తెచ్చి అరుగు చివర పెట్టింది. శెట్టి మండీ వెనకాల బావిలో ఇంకా నీళ్ళున్నాయి. ఊళ్ళో మాత్రం రెండ్రోజులకు ఒకసారి కొళాయి, ఇంటికి రెండు బిందెలు, అవి కూడా పోట్లాడితేనే. రూబీ ఎంత ఉంటుంది, నాలుగు చెంబులకు దాని స్నానం అయిపోయింది. బయమ్మ గంగాళం ఎత్తబోయింది.

"ఆడనే ఉంచు. క్షవరం కాడ పెట్టిన నీళ్ళు మళ్ళీ లోపలికి వస్తాయా?"

"అయితే పారబోసేదామ్మా?"

అంతవరకు ఇంటి గోడ పక్కన దించిన శెనక్కాయ మూటల మీద కూచుని ఉన్న సుంకన్న ఎగిరి లేచాడు. మండీలో మూటలు మోసే మనిషి. నెల రోజుల గడ్డం. గడ్డమంటే ఇష్టముండి కాదు. క్షవరం చేయించుకుంటే స్నానం చేయాలి, స్నానానికి నీళ్ళు లేవు, నీళ్ళు పోసుకోకుండా వస్తే పెళ్ళాం పెద్దక్క చెంబు కూడా ముట్టనివ్వదు. ఆ ఏడు కదిరిలో సగం గడ్డాలు ఇట్లా పెరిగినవే.

"అమ్మా అమ్మా, పారబోసేదేదో నా నెత్తిన పోయించండి! కుళ్ళాయప్ప చిటికెలో గీసేస్తాడు."

"కుక్క యెనకాల పర్వాలేదా నీకు?" అన్నాడు కుళ్ళాయప్ప.

"యెనకాలనో ముందరనో, నీళ్ళు తడిగా ఉండాయా లేదా, అది చెప్పప్పా!"

వరలక్ష్మమ్మ ఆలోచించి, పారబోసే నీళ్ళు ఎక్కడ పారితే ఏమని తీర్మానించింది. సుంకన్న కుర్చీ ఎక్కాడు. అతని దవడకు తగిలిన పటిక ఏదో అతను చూడను కూడా లేదు. నిర్ణయించుకున్న మాట చెప్పడానికి కుళ్ళాయప్పకు తీరిక దొరకలేదు, ఎందుకంటే సుంకన్న నీళ్ళు పోసుకుంటుంటే చూసినవాళ్ళు ఇంకో ఇద్దరు వచ్చి మెట్ల మీద కూచున్నారు.

మరుసటి బుధవారం ఆరుగురు. ఆ పై బుధవారం పదకొండు మంది. ఒక్క గంగాళం చాలక అడుగు కనిపిస్తుంటే, నీళ్ళు తక్కువైతే రూబీ బెదురుకుంటుందని వరలక్ష్మమ్మ రెండోది పెట్టించింది. రూబీ బెదురుకోవడం ఎవరూ చూడలేదు గానీ, ఎవరూ ఎదురు చెప్పలేదు. బస్టాండు దగ్గర ఎర్రన్నకు మంచి కత్తి ఉంది, నీళ్ళు లేవు.

ఇంతలో శెట్టికి చిరాకు మొదలైంది. ఇంటి ముందర తడి లాగులతో పదిమంది. పైగా బజారు పెద్దమనుషులు ఒక్కరూ అరుగు ఎక్కడం లేదు, వీరప్ప చెప్పాడని. శెట్టి కుళ్ళాయప్పను పక్కకు పిలిచాడు.

"తేరు అయిపోయినాక అరుగు ఖాళీ చేసేయప్పా. ఆడోళ్ళ మాటకు ఊరుకున్యా గానీ, శెట్టి ఇంటి ముందర కుక్కకూ మనుషులకూ ఒగే వరసంట అని నలుగురూ నవ్వుతాండారు. వీరప్పట్లా మనిషొకడు వచ్చి కూచోనుంటే నేనూ మాట్లాడుదును. ఆయనే రాకపాయె."

"సరే సామీ," అన్నాడు కుళ్ళాయప్ప. ఆ రాత్రి నల్లమ్మ మిగిలిన రొట్టెలు మూట కట్టి పెట్టింది.

తేరు రేపనగా బుధవారం. వీధిలో అప్పుడే డప్పులు మోగుతున్నాయి, రూబీ కుర్చీలో నిలకడగా లేదు. మెట్ల మీద పద్నాలుగు మంది. వాళ్ళ వెనకాల, కండువా మొహానికి చుట్టుకుని ఒకాయన వచ్చి నిలబడ్డాడు. కండువా మీసాల దగ్గర ఎత్తుగా ఉంది. ఎవరో అందరికీ తెలిసిపోయింది, అందరూ ఆకాశం వైపు చూశారు.

వీరప్ప కండువా తీశాడు. లోపల మూడు వారాల గడ్డం, తెల్లగా, కొర్రచేను మాదిరి. ఆ గడ్డంతో తేరు ముందర నడవలేడు. ఎర్రన్న దగ్గర గీయించుకుని ఇంటికి పోదామంటే కోడలు హనుమక్క, "నీళ్ళు లేవు మామా, తేరు దినం దాకా బయటనే ఉండు," అని ముందే చెప్పేసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "రూబమ్మకు అయిందా?"

"ఇంగా రెండు కాళ్ళుండాయన్నా," అన్నాడు కుళ్ళాయప్ప.

"తొందరగా కానీప్పా."

"డప్పులకు కదుల్తాంది. పట్టుకునేదానికి మనిషి కావల్ల."

పద్నాలుగు మందిలో ఒక్కడు కూడా లేవలేదు. సుంకన్న కాళ్ళు బారజాపుకుని, తన గోళ్ళు చూసుకోవడంలో పడ్డాడు. వీరప్ప ఒక్కొక్కడి మొహమూ చూశాడు. కండువా నడుముకు చుట్టాడు, అరుగు ఎక్కాడు, రూబీ కాలు పట్టుకున్నాడు. రూబీ ఆయన గడ్డం వాసన చూసి, ఎందుకో కుదురుగా కూచుంది.

"లోతుకు పోవద్దు. నరం ఉంటాదంట," అన్నాడు వీరప్ప.

"తెలుసన్నా."

అప్పుడే మండీకి బయలుదేరి శెట్టి తలుపు తీశాడు. దఫేదారు వీరప్ప తన అరుగు మీద మోకాలు వంచి కుక్క కాలు పట్టుకుని ఉండడం చూశాడు. చెయ్యెత్తి తన గడ్డం తడుముకున్నాడు. తర్వాత చెప్పులు విడిచి, స్తంభానికి ఆనుకుని మెట్టు మీద కూచున్నాడు.

"వీరప్పా, నీ తర్వాత నేను," అన్నాడు. లోపలికి తిరిగి, "బయమ్మా, ఇంగో గంగాళం పెట్టు," అని కేకేశాడు.

మెట్ల మీద పద్నాలుగు మందీ గొణిగారు, వరసలో వీరప్పకూ శెట్టికీ కూడా వాళ్ళే ముందున్నారని. శెట్టి వినిపించనట్టే కూచున్నాడు.

"ఆ కాలు ఇట్లా మార్చన్నా," అన్నాడు కుళ్ళాయప్ప.

వీరప్ప మార్చాడు.