తోకతాడు

మధ్యాహ్నానికి పడవ ఏటికి ఎదురు రెండుసార్లు పైకెక్కి దిగింది. తాడు లాగేవాళ్ళ అరచేతులు ఒరుసుకుపోయాయి. మూడోసారి ఎక్కించమని మేస్త్రీ కేకేసేసరికి ఏరు రంగు మారింది. ఎగువన ఎక్కడో వాన కురిసి ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. అవి రాళ్ళ మీద పడి లేస్తున్న హోరుకి పక్కమనిషి మాట కూడా గట్టిగా అంటేగాని వినబడటం లేదు.

ఆ హోరే కావాలి ఇంజనీరుకి. నీళ్ళు దూకే ఈ మైలు పొడవునా ఎంత బలముందో కొలిస్తే, ఎంత కరెంటు పుడుతుందో లెక్క తేలుతుంది. కొలిచే చక్రాన్ని నడి ఏట్లో దించాలంటే పడవ కావాలి. పడవకు తాడు కట్టి ఒడ్డు నుంచి ఎదురు లాగడం తరతరాలుగా ఇక్కడివాళ్ళ పని. ఆనకట్ట లేస్తే ఆ పనీ ఉండదు, వాళ్ళ గుడిసెలూ ఉండవు. నీళ్ళు ఎందాకా వస్తాయో కొండరాతి మీద ఎర్రరంగుతో గీత గీశారు. అది గుడిసెల కప్పుల కంటే రెండు బారలు ఎత్తున ఉంది. కూర్చున్న కొమ్మనే నరుక్కుంటూ కూలి తీసుకుంటున్నారు పాపం. ఆ కూలి మామూలుకి రెట్టింపు. పొయ్యి మీదకు ఎసరు చూసుకునేవాడికి గీత ఎక్కడ కనిపిస్తుంది?

తాడు చివర నడుముకు కట్టుకునే మనిషిని తోకమనిషి అంటారు. పడవ వెనక్కి కొట్టుకుపోతే మిగతావాళ్ళు తాడు వదిలేయొచ్చు, తోకమనిషికి ఆ వీలు లేదు. అందుకే తోకమనిషి ‘ఊ’ అంటేగాని ఎవరూ లాగరు. ఈ జట్టులో అత్త తర్వాత ఆ తాడు కోడలి నడుముకొచ్చింది. పడవలో చుక్కాని పట్టేది ఆమె మొగుడు. ఇన్నేళ్ళలో ఆమె ‘ఊ’ అనని రోజు లేదు. అడగడం, అనడం ఒట్టి అలవాటైపోయింది.

“ఏమంటావే?” పడవలోంచి మొగుడు అరిచాడు.

ఆమె నీళ్ళకేసి చూసింది. పొద్దున తాను బట్టలుతికిన బండ మునిగిపోయింది. నడుము దగ్గర ముడి విప్పేసి, గట్టిగా అరిచింది.

“ఇవాళొద్దు. దిగు.”

“రెట్టింపు కూలే...”

“నువ్వుంటే రేపు తెస్తావులే. దిగు.”

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. “ఏంటమ్మా ఇది? రేపు పెద్దసార్లు వచ్చి లెక్క అడుగుతారు. ఇంత నీరు మళ్ళీ దొరుకుతుందా? కరెంటొస్తే వెలుగు మీ ఇళ్ళకే కదా.”

“ఇళ్ళుంటే కదా బాబూ.”

లాగేవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒడ్డునే ఉన్న ఇంజనీరు గొంతు సవరించుకుని, “పోనీ, తగ్గాక చూద్దాం” అన్నాడు.

“తగ్గాక కొలిచి ఏం లాభం సార్?” అని మేస్త్రీ లాగేవాళ్ళ వైపు తిరిగాడు. “దాని మాటకేంట్రా, పట్టండి తాడు.”

ఎవరూ పట్టలేదు. వాళ్ళేమీ ధైర్యవంతులు కారు; రేపటి నుంచి పనుండదేమోనని అందరికీ భయమే. కానీ ‘ఊ’ వినకుండా లాగడం ఆ చేతులకు తెలియదు.

ఆమె తాడు చివర తీసి మేస్త్రీ చేతిలో పెట్టింది.

“కట్టుకోండి బాబూ. రెండు చుట్లు చుట్టి ముడెయ్యాలి. ఊ కూడా మీరే అనండి, మావాళ్ళు లాగుతారు.”

మేస్త్రీ ఆ తడితాడు పట్టుకుని నిలబడ్డాడు. ఒడ్డునున్న వాళ్ళంతా ఆయన నోటికేసి చూస్తున్నారు. పడవలో ఉన్న మొగుడు కూడా.