మెడ చాచని పుంజు

ముందు తడిసిన తునికాకు వాసన.

ఆ వెనక పుంజు కూత.

బాన్సువాడలో ఆ సందుకు ఆ వరుసలోనే తెల్లవారేది. తడి గోనెసంచిలో చుట్టి పెట్టిన ఆకును నర్సవ్వ విప్పుతుంది. పుంజు దడి ఎక్కి మెడ చాస్తుంది. ఒక కూత… ఆగి — ఇంకో కూత. నర్సవ్వ చాటను ఒళ్లోకి లాక్కుని బీడీలు చుట్టడం మొదలుపెడుతుంది. వేళ్లు నొప్పితోనే లేస్తాయి. నలభై ఏళ్లుగా చుట్టిన వేళ్లు. నొప్పి కొత్తేం కాదు.

పుంజు మాత్రం కొత్తది.

అది పోశమ్మ తల్లికి మొక్కిన పుంజు. కాలికి పసుపు దారం ఉంది. నర్సవ్వ కూతురు గంగమణికి రెండు కాన్పులు పోయాయి. మూడోసారి నెల తప్పగానే నర్సవ్వ మొక్కింది — బిడ్డ బతికి బయటపడితే, దానికి నెల నిండిన రోజు నీకు పుంజునిస్తాను తల్లీ, అని. మొక్కిన పుంజును అమ్మకూడదు. ఇంకో ఇంటికి పంపకూడదు. మొక్కినవాళ్ల గింజలు తిని, మొక్కినవాళ్ల వాకిట్లోనే పెరగాలి.

గంగమణికి ఏడో నెల నడుస్తోంది. కడుపు మీద చెయ్యి వేసుకునే పడుకుంటుంది, వేసుకునే లేస్తుంది.

అప్పుడు మోగింది పంచాయతీ డప్పు.

డెబ్బై ఎనిమిదో ఏడు, ఎండాకాలం చివర. పంచాయతీ గోడకు కాగితం అంటించారు. ఒక్కో ఇంట్లో ఆరుకు మించి కోళ్లు ఉండరాదు. గూడు పక్కింటి గోడకు ఆనరాదు. రెట్ట మురికి మోరీలో పడరాదు. ఇవన్నీ సరే. అన్నిటికీ అడుగున ఇంకో మాట — కూసే పుంజును ఇళ్ల మధ్య ఉంచరాదు, కాలువ అవతలికి తరలించవలెను. గడువు పది రోజులు.

నర్సవ్వకు చదువు రాదు. పంచాయతీ మనిషి కిష్టయ్య వాకిట్లోకి వచ్చి చదివి వినిపించాడు.

"ఏందవ్వా, నీ కోడి కూయకుంటె బాన్సువాడ తెల్లారదా?" అన్నాడు నవ్వుతూ.

సామెతలో ముసలమ్మకు కోడి ఉంది, కుంపటి ఉంది. మొక్కు లేదు. రెండు కాన్పులు పోయిన కూతురు లేదు. సామెతలు చెప్పడం తేలిక.

"గది మొక్కు కోడి, కిష్టయ్యా. నా బిడ్డ కాన్పయ్యేదాంక జర ఓపమను."

"నాదేమున్నదవ్వా. వాళ్లు రాసిండ్రు, నేను సదివిన. గింతే."

అతనూ అలసిపోయే ఉన్నాడు. ఇంకా నాలుగు సందులు తిరగాలి.

పుంజు మీద అర్జీ పెట్టిందెవరో దాచాల్సిన పని లేదు. ఎదురింట్లో కిరాయికి దిగిన హరనాథబాబు. ఆంధ్రా నుంచి వచ్చి, నస్రుల్లాబాద్ దగ్గర కాలువ కింద పొలం చేసుకుంటున్న మనిషి. భార్య రాజ్యానికి జబ్బు చేస్తే, దవాఖాన దగ్గరని ఇక్కడికి మారాడు. రాజ్యానికి రాత్రంతా కంటి మీద కునుకు ఉండదు. తెల్లవారుజామున ఎప్పుడో రెప్ప వాలుతుంది… సరిగ్గా అప్పుడే పుంజు కూస్తుంది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని ఈ కథ చెబుతున్న నాకూ ఉంది. నెలల తరబడి నిద్ర లేని ఆ ఇంటి ముఖాలు చూస్తే రావడం లేదు.

ఒకరోజు రాజ్యమే వచ్చింది. గోడ పట్టుకుని, ఆగి ఆగి.

"నీ కోడి మీద నాకేం పగ లేదమ్మా. ఒక్క గంట కళ్లు మూతపడితే చాలు."

"నాకెర్కనే రాజ్యమ్మా. నీ కండ్లు జూస్తె ఎర్కయితలేదా."

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఒకరు చుడుతూ, ఒకరు చూస్తూ. తప్పు ఎవరిదో చెప్పగలిగితే ఇద్దరికీ కాస్త తెరిపిగా ఉండేది.

గడువులో తొమ్మిదో రోజు నర్సవ్వకు ఒక సంగతి తట్టింది.

మెడ చాచనిదే పుంజు కూయలేదు. కోళ్లు పెంచిన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఎత్తు తక్కువ గంప ఒకటి తెచ్చింది. పుంజు మీద బోర్లించింది. పైన రుబ్బుడు బండ పెట్టింది. పుంజు ఇంట్లోనే ఉంటుంది. కూత ఉండదు. ఇటు మొక్కూ నిలుస్తుంది, అటు రాజ్యానికి నిద్రా పడుతుంది.

మొదటి తెల్లవారుజామున — గంపలో గీకుడు, ఒక బొంగురు చప్పుడు.

రెండో తెల్లవారుజామున — గీకుడు.

అయిదో నాటికి అదీ లేదు.

కిష్టయ్య వచ్చి చెవి ఒగ్గి విన్నాడు. "కూస్తలేదు," అని పోయాడు.

పగలు వదలొచ్చు కదా అంటారు. వదిలి చూసింది. మిట్టమధ్యాహ్నం కూసింది. ఎదురింట్లో తలుపు తెరుచుకుంది. నర్సవ్వ గంప మళ్లీ బోర్లించింది. గంప సందులోంచి నూకలు వేసేది, నీళ్లు పోసేది. "ఇంక కొన్ని దినాలే తండ్రీ," అనేది. కొన్ని దినాలు మూడు నెలలు అయ్యాయి.

వానలు పడ్డాయి. రాజ్యం నిద్రపోయింది. ముఖం కాస్త తేరుకుంది. కూత లేక నర్సవ్వే పొద్దెక్కి లేస్తోంది.

దవాఖానలో గంగమణి కన్నది. ఆడపిల్ల. ఏడ్చింది — గట్టిగా ఏడ్చింది. నర్సవ్వ మెట్ల మీద కూలబడి తనూ ఏడ్చింది. పిల్లకు నెల నిండింది.

ఆ పొద్దున గంప తీసింది. పుంజు లేచి నిలబడింది. మెడ మాత్రం లేవలేదు. గంప తీసినా గంప కిందే ఉన్నట్టు వంగి ఉంది.

పోశమ్మ ముందు పసుపు, వేపాకు, చెంబులో నీళ్లు. గంగమణి ఒళ్లో పసిది. వద్దన్నా వినకుండా రాజ్యం కూడా వచ్చింది. కోసే ముందు పుంజు మీద పసుపు నీళ్లు చల్లాలి. అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఎవరూ కత్తి ముట్టరు, మొక్కు తీరదు.

నర్సవ్వ నీళ్లు చల్లింది.

పుంజు నిలబడింది. ఈకల మీంచి నీళ్లు కారాయి.

రెండోసారి చల్లింది. గంగమణి పసిదాన్ని రొమ్ముకు అదుముకుంది.

"జర ఆగుండ్రి. ఇదిలిస్తది," అంది నర్సవ్వ, ఎవరూ ఏమీ అనకముందే.

మూడోసారి.

రాజ్యం తల దించుకుంది. నిద్ర తీరిన ముఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

నర్సవ్వ మోకాళ్ల మీద కూర్చుంది. పుంజు మెడను రెండు వేళ్లతో పైకెత్తింది. వదిలింది. మెడ మళ్లీ వంగింది.

"తప్పు నాది తల్లీ. పసిపొల్లకేం ఎర్క."

పసిది తల్లి ఒళ్లో నిద్రపోతోంది… ఊపిరి తీస్తోందో లేదో అని గంగమణి వంగి వంగి చూసుకుంటోంది.

నర్సవ్వ మళ్లీ చెంబు ముంచింది.